మనిషికి రోజుకో లీటరు చమురు: నైజీరియా ఎందుకు ఎదగలేకపోయింది?

చీకటి పడేసరికి నైజీరియా నగరాల్లో వీధి పొడవునా జనరేటర్ల మోత మొదలవుతుంది. కరెంటు పోయి కాదు, చాలా పేటల్లో అసలు వచ్చేదే తక్కువ. బ్యాంకులకు, హోటళ్లకు పెద్ద డీజిల్ జనరేటర్లు ఉంటాయి. మామూలు ఇళ్లకు, టైలర్ షాపులకు, సెలూన్లకు మాత్రం ఒక్క చేత్తో పట్టుకుని గుమ్మం బయట పెట్టుకోగలిగేంత చిన్న పెట్రోలు జనరేటర్. తాడు పట్టి లాగితే స్టార్టవుతుంది. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ నడుస్తాయి. జనం దానికి పెట్టుకున్న పేరు ‘ఐ బెటర్ పాస్ మై నైబర్’. పక్కింటివాళ్లకన్నా నేను కాస్త నయం అని దాని అర్థం. ఎప్పుడైనా లైన్లో కరెంటు వస్తే పిల్లలు ‘అప్ నేపా!’ అని అరుస్తారు. నేపా ఒకప్పటి ప్రభుత్వ విద్యుత్ సంస్థ. ఆ పేరు పోయి ఇరవై ఏళ్లు దాటినా పిల్లల కేక పోలేదు.

ఆఫ్రికాలో అత్యధికంగా చమురు తీసే దేశాల్లో నైజీరియా ముందు వరసలో ఉంటుంది. సహజ వాయువు నిల్వలు ఆ ఖండంలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదీ అక్కడే. జనాభా 22 కోట్ల పైమాటే. అంతమందికి గ్రిడ్ నుంచి అందే కరెంటు చాలా రోజుల్లో 4,000 నుంచి 5,000 మెగావాట్లు. నాలుగు కోట్ల జనాభా కూడా లేని తెలంగాణలో ఎండాకాలం డిమాండ్ 15,000 మెగావాట్లు దాటుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, ఎక్కడో ఏదో బాగా తప్పిందని తెలిసిపోతుంది.

ఏం తప్పింది అంటే వెంటనే వచ్చే జవాబు అవినీతి. అది నిజమే. సైనిక పాలకుడు సాని అబాచా దాచిన సొమ్ములో కోట్లాది డాలర్లు ఆయన చనిపోయాక స్విట్జర్లాండ్ వంటి దేశాల నుంచి వెనక్కి వచ్చాయి. కానీ నాయకులు తిన్నారు కాబట్టి దేశం మునిగింది అని అక్కడితో ఆపేస్తే సగం కథే చెప్పినట్టు. నాయకులు తిన్న దేశాలు ఇంకా ఉన్నాయి, అవన్నీ ఇలా చీకట్లో లేవు. దానికన్నా లోతైన కారణం ఒకటుంది. చమురు డబ్బు ప్రజల అవసరం లేకుండా ప్రభుత్వానికి చేరే డబ్బు. ఎవరో రైతు పండిస్తేనో, ఎవరో కార్మికుడు పని చేస్తేనో వచ్చేది కాదు. అది అలవాటైన ప్రభుత్వం క్రమంగా ప్రజలతో పని లేకుండానే బతకడం నేర్చుకుంది.

ముందు ఒక లెక్క చూద్దాం

నైజీరియా రోజుకు సుమారు 15 లక్షల బ్యారెళ్ల చమురు తీస్తుంది. బ్యారెల్ అంటే 159 లీటర్లు. దాన్ని జనాభాకు పంచితే మనిషికి రోజుకు ఒక లీటరు, కాస్త అటూ ఇటూగా. బ్యారెల్ ధర 70 డాలర్లు అనుకుంటే ఆ లీటరు విలువ మన డబ్బుల్లో నలభై రూపాయలకు లోపే. ఎవ్వరూ ఒక్క పైసా దొంగిలించకుండా, బావి తవ్విన ఖర్చు కూడా తీయకుండా మొత్తం పంచినా అంతే. అదే నార్వే రోజుకు 18 లక్షల బ్యారెళ్లు తీస్తుంది, జనాభా 55 లక్షలు. అక్కడ మనిషికి రోజుకు యాభై లీటర్ల పైన పడుతుంది.

అందుకే నైజీరియాను నార్వేతో పోల్చడం నాకు నచ్చదు. నైజీరియా చమురు ఉన్న దేశమే కానీ, చమురు మీద కూర్చుని తినగలిగే దేశం కాదు. ఆ చిన్న లీటరే అక్కడ మహా సంపదగా కనిపించింది. ప్రభుత్వానికీ అలాగే కనిపించింది, ప్రజలకూ అలాగే కనిపించింది. ఎగుమతుల రాబడిలో దాదాపు 90 శాతం చమురు, గ్యాస్‌దే అయినా, దేశ ఉత్పత్తిలో వాటి వాటా పదో వంతు కూడా ఉండదు. ఉద్యోగాల్లో అయితే ఇంకా తక్కువ. సముద్రంలో ఒక రిగ్గు నడపడానికి కొన్ని వందల మంది చాలు.

కానోలో వేరుశనగ కొండలు

చమురు రాకముందు ఆ దేశం ఖాళీగా లేదు. ఉత్తరాన కానో నగరంలో 1950ల్లో, 60ల్లో వేరుశనగ బస్తాలను పిరమిడ్ల ఆకారంలో పేర్చేవారు. ఒక్కో పిరమిడ్‌కు పదిహేను వేల బస్తాల వరకు పట్టేవి. రైలెక్కి ఓడరేవుకు చేరే దాకా అవి అలా ఎండలో వరసగా నిలబడి ఉండేవి. ఆ ఫొటోలు చూస్తే వేరుశనగ కల్లాల దగ్గర పెరిగిన రాయలసీమవాళ్లకు గుండె ఒక్కసారి ఆగుతుంది. పల్లీల వ్యాపారంతోనే అల్హసన్ దంతాటా అనే కానో వర్తకుడు 1955లో చనిపోయేనాటికి పశ్చిమ ఆఫ్రికాలోకెల్లా ధనవంతుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నైరుతిన యోరుబా ప్రాంతంలో కోకో, తూర్పున ఇగ్బో ప్రాంతంలో పామాయిల్. పశ్చిమ ప్రాంత ప్రభుత్వాధినేత ఒబాఫెమి అవోలోవో 1955లో ఉచిత ప్రాథమిక విద్య మొదలుపెట్టింది ఆ కోకో రాబడి దన్నుతోనే. ఇబదాన్‌లో 1965లో పూర్తయిన 26 అంతస్తుల కోకో హౌస్ ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ కాలం స్వర్గమేమీ కాదు. ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డులు రైతుకు తక్కువ ధర ఇచ్చి మిగిలింది తామే ఉంచుకునేవి. అయినా ఒక ముడి ఉండేది. రైతు పండించకపోతే ప్రభుత్వానికి డబ్బు లేదు. కాబట్టి రోడ్డు వేయాలి, విత్తనం చూడాలి, బడి పెట్టాలి.

చమురు 1956లో నైజర్ నది డెల్టాలోని ఓలోయిబిరి అనే ఊళ్లో బయటపడింది. 1958లో ఎగుమతి మొదలైంది. 1960లో స్వాతంత్ర్యం. 1967 నుంచి 1970 దాకా బియాఫ్రా పేరుతో తూర్పు ప్రాంతం విడిపోబోతే జరిగిన యుద్ధం, అందులో ఆకలికే లక్షలమంది చనిపోయారు. ఆ యుద్ధానికి జాతుల మధ్య పగలే మూలమైనా, చమురు ఎవరి చేతిలో ఉండాలన్న పంతం దానికి ఆజ్యం పోసింది. యుద్ధం ముగిసిన మూడేళ్లకే, 1973-74లో ప్రపంచ మార్కెట్లో చమురు ధర నాలుగింతలైంది.

ఒక్కసారిగా డాలర్లు వరదలా వచ్చిపడితే ఏమవుతుందో చూడండి. దేశ కరెన్సీ నైరా విలువ పెరిగిపోయింది. 1980 నాటికి ఒక డాలరు కొనడానికి అర నైరాకు కాస్త ఎక్కువ చాలు. ఊళ్లోకి బయటి సరుకు తెచ్చుకునేవాడికి ఇది పండగ. కానోలో వేరుశనగ రైతుకు మాత్రం గొడ్డలిపెట్టు. ఉదాహరణకు బయటి మార్కెట్లో టన్ను పల్లీలకు 500 డాలర్లు వచ్చాయనుకోండి. వాటిని నైరాల్లోకి మారిస్తే 300 కూడా రావు. ఊళ్లో కూలి రేట్లు చూస్తే చమురు డబ్బుతో పెరిగి కూర్చున్నాయి. పండిస్తే నష్టం, లాగోస్ వెళ్లి కాంట్రాక్టరు దగ్గర కూలికి చేరితే లాభం. ఆర్థికవేత్తలు దీన్ని ‘డచ్ డిసీజ్’ అంటారు, నెదర్లాండ్స్‌లో గ్యాస్ దొరికాక అక్కడి ఫ్యాక్టరీలకు ఇలాంటి దెబ్బే తగిలింది కాబట్టి.

వేరుశనగకు సరిగ్గా అప్పుడే కరవు, 1975లో రోజెట్ అనే వైరస్ తెగులు కూడా తోడయ్యాయి. పిరమిడ్లు కనబడకుండా పోయాయి. కరవులు, తెగుళ్లు అనంతపురానికీ వచ్చాయి. అయితే పంట పోతే ఖజానాకు గండి పడే చోట ప్రభుత్వం కదులుతుంది. నైజీరియా ఖజానా అప్పటికి ఇంకో చోట నిండుతోంది. తర్వాత చాలా ఏళ్లకు, తెగులును తట్టుకునే రకాల కోసం నైజీరియా శాస్త్రవేత్తలతో కలిసి పనిచేసింది మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. నేడు ఆఫ్రికాలో వేరుశనగ ఎక్కువగా పండించేది మళ్లీ నైజీరియానే. అందులో దాదాపు అంతా దేశంలోనే తినేస్తారు.

ఆ వరద రోజుల్లో ఖర్చు ఎలా పెట్టారో చెప్పడానికి ఒక్క సిమెంటు ఉదంతం చాలు. 1975లో ప్రభుత్వం సుమారు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఆర్డర్లు ఇచ్చింది. లాగోస్ ఓడరేవు ఏడాది పొడవునా దించగలిగేది అందులో చాలా చిన్న వంతు. వందల ఓడలు సముద్రంలో నెలల తరబడి లంగరు వేసుకుని ఉండిపోయాయి. ఆగిన ప్రతి రోజుకూ ప్రభుత్వం ఆ ఓడలకు డబ్బు కట్టింది. చాలా సిమెంటు ఓడల్లోనే గడ్డకట్టిపోయింది.

నెలనెలా పంపకం

ఇప్పుడు ప్రభుత్వం ఎలా నడుస్తుందో చూద్దాం. 36 రాష్ట్రాలు, 774 స్థానిక ప్రభుత్వాలు. చమురు రాబడి, దాంతోపాటు కొన్ని కేంద్ర పన్నులు ఒక ఉమ్మడి ఖాతాలోకి వెళ్తాయి. ప్రతి నెలా రాజధాని అబూజాలో ఒక కమిటీ కూర్చుని దాన్ని కేంద్రానికి, రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు పంచుతుంది. చాలా రాష్ట్రాల్లో ఆ డబ్బు వస్తేనే జీతాలు. నైజీరియన్లు దాన్ని ‘నేషనల్ కేక్’ అంటారు. రాజకీయమంతా ఆ కేకులో మా ముక్క ఎంత అన్నదే. వడ్డన దగ్గర అందరూ ఉంటారు, పొయ్యి దగ్గర ఎవరూ ఉండరు.

ఇలాంటి ఏర్పాటులో గవర్నరుకు తన రాష్ట్రంలో ఒక ఫ్యాక్టరీ వచ్చినా, రాకున్నా పెద్ద తేడా ఉండదు. బడిలో టీచరు ఉన్నా లేకున్నా నెలాఖరుకు డబ్బు వస్తుంది. దేశం మొత్తం మీద పన్నుల వసూలు ఏళ్ల తరబడి జాతీయోత్పత్తిలో పది శాతం లోపే ఉండిపోయింది. మన దేశంలో కేంద్రం, రాష్ట్రాలు కలిపి వసూలు చేసే దాంట్లో ఇది దాదాపు సగం. పన్ను తక్కువ కావడం వినడానికి హాయిగా ఉంటుంది. కానీ పన్ను కట్టినవాడు నా డబ్బు ఏమైంది అని అడుగుతాడు. కట్టనివాడు చెయ్యి చాపి అడగాల్సి వస్తుంది. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ లెక్కల ప్రకారం నైజీరియాలో కోటి మందికి పైగా పిల్లలు బడి బయట ఉన్నారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు. బోకో హరామ్ వంటి సాయుధ ముఠాలకు 2009 తర్వాత నేల దొరికింది కూడా ఆ ఉత్తరాదిలోనే, ఈశాన్య మూలలో.

కేకు పెద్దదయ్యే కొద్దీ దాని మీద కూర్చోవాలన్న పోటీ పెరిగింది. 1966 నుంచి 1999 వరకు, మధ్యలో నాలుగేళ్లకు పైగా వదిలేస్తే, దేశాన్ని సైనికులే ఏలారు. పంపకం సూత్రాన్ని వాళ్లే మార్చారు. స్వాతంత్ర్యం నాటికి ఏ ప్రాంతంలో పుట్టిన రాబడిలో సగం ఆ ప్రాంతానికే. ఎగుమతి పంట పల్లీ, కోకో అయినన్నాళ్లు ఆ సూత్రం నడిచింది. ఎగుమతి చమురుగా మారాక అది తగ్గుతూ తగ్గుతూ 1980ల్లో 1.5 శాతానికి దిగింది. 1999 రాజ్యాంగంలో 13 శాతం అయింది. చమురున్న నైజర్ డెల్టాలో ఉండేవి ఇజా, ఓగోనీ వంటి చిన్న జాతులు. గట్టిగా అడిగే సంఖ్యాబలం వాళ్లకు లేదు.

నూతిలో తేలిన నూనె

ఓగోనీ ప్రాంతంలో ఒగాలే అని ఒక ఊరుంది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అక్కడి నూతుల నీళ్లు పరీక్షించింది. క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికన్నా 900 రెట్లకు పైగా ఉంది. నేల కింద నీటి మీద ఎనిమిది సెంటీమీటర్ల మందాన నూనె తేలుతోంది. ఆ నూతుల నీళ్లే జనం తాగుతున్నారు. ఓగోనీ నేలను పూర్తిగా బాగుచేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని ఆ నివేదిక చెప్పింది. శుభ్రం చేసే పని క్షేత్రంలో మొదలవడానికే మరో ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లలో పుట్టిన పిల్లలు ఏ నీళ్లు తాగి పెరిగారన్న ప్రశ్న నన్ను వదలదు.

ఈ మాట ఓగోనీ రచయిత కెన్ సారో-వీవా ముందే చెప్పాడు. తన ఊళ్ల నేల, నీళ్లు, చేపలు పోతున్నాయని 1990ల మొదట్లో శాంతియుతంగా జనాన్ని కదిలించాడు. 1993లో షెల్ కంపెనీ ఓగోనీలో ఉత్పత్తి ఆపేసింది. 1995 నవంబరు 10న అబాచా ప్రభుత్వం ఆయన్నీ, ఆయనతోపాటు మరో ఎనిమిదిమందినీ ఉరి తీసింది. నోరున్నవాళ్లను అలా అణిచేశాక తరువాతి తరం తుపాకులు పట్టింది. 2006 నుంచి పైపులైన్ల పేల్చివేతలు, చమురు ఉద్యోగుల కిడ్నాపులు. 2009లో క్షమాభిక్ష ప్రకటించి, ఆయుధాలు దించినవాళ్లకు నెలనెలా భత్యం ఇచ్చారు. అక్కడా అదే మందు, పనికి బదులు పంపకం.

బోడో అనే మరో ఊళ్లో 2008లో రెండుసార్లు పైపు లీకై మడ అడవులు, చేపలు పట్టుకునే కయ్యలు నల్లబడిపోయాయి. ఆ ఊరివాళ్లు లండన్ కోర్టుకెక్కారు. 2015లో షెల్ 5.5 కోట్ల పౌండ్ల పరిహారానికి ఒప్పుకుంది. అయితే డెల్టాలో ఒలికే చమురంతా కంపెనీలదే అనడం కూడా న్యాయం కాదు. పైపులకు కన్నాలు పెట్టి దొంగచాటుగా తీసి, అడవిలో డ్రమ్ములు కాచి డీజిల్ చేసే ‘క్పో ఫైర్’ బట్టీలు వందల్లో ఉన్నాయి. వాటి మసి పోర్ట్ హార్కోర్ట్ నగరం మీద పడుతుంది. ఉద్యోగం లేని కుర్రాళ్లకు తమ ఊరి చమురులో దక్కింది ఆ బట్టీ పనే.

చమురుతోపాటు పైకొచ్చే గ్యాస్‌ను ఏం చేస్తారంటే, చాలావరకు తగలబెట్టారు. 1979లోనే చట్టం చేశారు, 1984 తర్వాత అనుమతి లేకుండా మండించకూడదని. మంటలు ఆ తర్వాత దశాబ్దాలపాటు మండుతూనే ఉన్నాయి. కరెంటు లేని ఊళ్ల పక్కన, కరెంటు పుట్టించగలిగిన గ్యాస్ రాత్రీ పగలూ అలా మండుతోంది.

పెట్రోలు సబ్సిడీ: దక్కిన ఒకే ఒక్క ముక్క

దేశంలో ప్రభుత్వ రిఫైనరీలు నాలుగున్నాయి. అవి ఏళ్ల తరబడి సరిగ్గా నడవలేదు. దాంతో ముడి చమురు అమ్ముకుని, పెట్రోలు బయట కొని తెచ్చి, నష్టానికి అమ్మడం ఆనవాయితీ అయింది. ఆ తేడాను ప్రభుత్వం భరించేది. 2022లో దీనికి 4 లక్షల కోట్ల నైరాలకు పైగా అయింది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్లో చదువుకూ వైద్యానికీ కలిపి పెట్టిన దానికన్నా అది ఎక్కువ. లాభం ఎక్కువ పోయింది కార్లున్నవాళ్లకు, పక్క దేశాలకు దొంగ రవాణా చేసేవాళ్లకు.

మరి పేదవాళ్లు ఎందుకు దానికోసం పోరాడారు? 2012 జనవరి 1న లీటరు ధరను 65 నుంచి ఒక్కసారిగా 140 నైరాలు దాటిస్తే దేశమంతా వీధుల్లోకి వచ్చింది. ప్రభుత్వం దిగొచ్చి 97కు తగ్గించింది. ఆ ఉద్యమాన్ని తెలివితక్కువది అన్నవాళ్లున్నారు. నేను అనను. బడి లేదు, కరెంటు లేదు, ఆస్పత్రి లేదు. చమురు దేశంలో పుట్టినందుకు మామూలు మనిషి చేతికి అందింది చౌక పెట్రోలు ఒక్కటే. ఆ పెట్రోలే ఇంటి ముందు జనరేటర్లో పోసేది. అదీ తీసేసి, ఆ డబ్బుతో మంచి చేస్తాం అంటే నమ్మడానికి ఏ అనుభవం ఉంది వాళ్లకు?

2023 మే 29న అధ్యక్షుడు బోలా టినుబు ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే సబ్సిడీ పోయిందని ప్రకటించాడు. 200 నైరాల లోపున్న లీటరు రోజుల్లో 500 దాటింది. 2024 చివరికి వెయ్యి దరిదాపులకు వెళ్లింది. సబ్సిడీ తీసేసిన రెండు వారాలకే నైరాను కూడా మార్కెట్‌కు వదిలేశారు. డాలరు 460 నైరాల నుంచి ఏడాది తిరగకుండానే 1,500 దాకా పోయింది. 2024 డిసెంబరులో ధరల పెరుగుదల 35 శాతానికి దగ్గరపడింది. ఆర్థిక లెక్కల ప్రకారం చేయాల్సిన పనులే. కానీ బస్సు చార్జీ, కర్రపెండలంతో చేసే గారీ పిండి, బియ్యం అన్నీ ఒకేసారి ఎక్కితే నెల జీతగాడు ఎక్కడికి పోతాడు? 2024 ఆగస్టులో ఆకలి మీద ఊరేగింపులు జరిగాయి. చదువుకున్న కుర్రాళ్లు ‘జాపా’ అంటున్నారు. దేశం విడిచి పారిపోవడం అని యోరుబాలో దానికి వాడుక.

లాగోస్ దగ్గర లెక్కీలో రోజుకు 6.5 లక్షల బ్యారెళ్ల సామర్థ్యంతో కట్టిన ప్రైవేటు రిఫైనరీ 2024 సెప్టెంబరులో పెట్రోలు తీయడం మొదలుపెట్టింది. దాని కట్టుబడిలో మన ఇంజినీర్స్ ఇండియా లిమిటెడ్‌కు ప్రధాన పాత్ర ఉంది, మన దేశం నుంచి వెళ్లిన టెక్నీషియన్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. యజమాని అలికో డాంగోటే. ఆయన కానో పల్లీల వర్తకుడు దంతాటాకు మునిమనవడు.

తప్పనిసరి రాత కాదు

చమురుంటే ఇలాగే అవుతుందని అనుకోవద్దు. 1970ల్లో ఇండోనేషియాకూ అదే వరద వచ్చింది. అక్కడ సుహార్తో నియంతృత్వం, కుటుంబ అవినీతి నైజీరియాకు తీసిపోయేవి కావు. అయినా చమురు డబ్బుతో 1973 తర్వాత ఐదారేళ్లలో 61,000 ప్రాథమిక బడులు కట్టారు. గ్యాస్‌తో యూరియా ఫ్యాక్టరీలు పెట్టి వరి రైతుకు ఎరువు చౌకగా ఇచ్చారు. 1984లో బియ్యం స్వయంసమృద్ధి ప్రకటించారు. సుహార్తోకు జనం మీద ప్రేమ ఉండి కాదు, పల్లెల్లో ఆకలి పుడితే తన గద్దె కదులుతుందన్న భయం ఉండి.

నైజీరియాలోనే ఇంకో ఉదాహరణ లాగోస్ రాష్ట్రం. 2004లో రాజకీయ తగాదా వల్ల కేంద్రం ఆ రాష్ట్రంలోని స్థానిక సంస్థల నిధులు ఆపేసింది. గత్యంతరం లేక రాష్ట్రం సొంతంగా పన్నుల వసూలు గట్టిపరిచింది. నేడు దాని ఆదాయంలో సగానికి పైగా సొంత వసూళ్లే. 2008లో బస్సులకు ప్రత్యేక దారులు వేశారు, ఆ తర్వాత నగర రైలు వచ్చింది. మురికివాడలూ ఉన్నాయి, అన్యాయాలూ ఉన్నాయి. కానీ సినిమాలు, సంగీతం, ఫోన్ పేమెంట్ కంపెనీలు అన్నీ పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. వాటిలో ఒక్కటీ చమురు బావి దగ్గర లేదు.

2025 జూన్‌లో దేశం మొత్తానికి కొత్త పన్ను చట్టాల మీద సంతకాలయ్యాయి. గ్యాస్ మీద కూడా పని నడుస్తోంది. అజావోకుటా నుంచి కడూనా మీదుగా కానో దాకా 614 కిలోమీటర్ల గ్యాస్ పైపులైను. 2020 జూన్ చివర్లో మొదలైన ఆ పని గడువులు దాటుతూ వచ్చింది. మూతపడ్డ బట్టల మిల్లులు, డీజిల్ జనరేటర్ల మీద నెట్టుకొస్తున్న నూనె మిల్లులు ఉన్న ఊరు కానో. దక్షిణాన అరవై ఏళ్లుగా గాలిలో మండిపోతున్న గ్యాస్‌లో కొంతైనా, ఒకప్పుడు పల్లీల కొండలు నిలబడ్డ చోటికి చేరాలి.